ఎల్లవ్వ వంతుకు లేవని ఇంజను

ఇప్పటికీ మా సందులో ఎవరి బండైనా స్టార్టు కాక, అతను కిక్కు మీద కిక్కు కొడుతుంటే నాకు కుర్చీలో కాలు నిలవదు. "మీకెందుకు, ఊకె కూసోండ్రి" అంటుంది మా ఆవిడ. కూర్చుంటాను. చెవి మాత్రం వీధిలోనే ఉంటుంది. పెట్రోలు అందడం లేదా, లేక ఎక్కువై ముంచేసిందా? ఇంకో నాలుగు కిక్కులు విన్నాక చెప్పులు వేసుకుని బయటపడతాను. అప్పటికే అతను చెమటలు కక్కుతూ బండిని తిడుతుంటాడు. ఇంజనును తిట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. తనకు కావలసింది అందలేదు కాబట్టి అది ఊరుకుంది. అందులో దాని తప్పేముంది?

నేను మెదక్‌లో ఆయిల్ ఇంజన్లు బాగుచేసి బతికినవాణ్ణి. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో పానా పట్టాను. బావుల మీద కరెంటు మోటార్లు వచ్చి డీజిలు ఇంజన్లను పక్కకు నెట్టేదాకా అదే నా పని. ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చే పిల్లలు అప్పుడప్పుడు వచ్చి అడుగుతారు, లేవని ఇంజనును ఎట్లా లేపాలని. మా దగ్గర ఇంజను స్టార్టు కావడాన్ని లేవడం అంటారు. వాళ్లకోసమే ఇది రాస్తున్నాను. నన్ను ఎవరు మెచ్చుకున్నారు, నాకేం శాలువా కప్పారు అన్న సంగతులు ఇందులో ఉండవు.

హవేలిఘనపూర్ అవతల ఒక బావి మీద ఐదిళ్ల వాళ్లు కలిసి కొన్న ఇంజను ఉండేది. నాలుగిళ్ల వంతుకు అది బుద్ధిగా లేచేది. ఐదో ఇల్లు ఎల్లవ్వది. ఆమె వంతు రాగానే మొండికేసేది. అవతల ఆమె వరి పొట్ట మీద ఉంది, వెన్ను తీసే అదను, నీళ్లు తప్పకూడదు. నాకు వచ్చిన విద్య అంతా ఆ బావి గట్టు మీద పరీక్షకు నిలబడింది. అక్కడికి వచ్చేముందు నాకు ఆ విద్య చెప్పినవాళ్ల గురించి కొంత చెప్పాలి.

వీపు అడ్డం పెట్టే పద్ధతి

నేను మొదట చేరిన షాపు యజమాని పేరు రాయను. పని తెలిసినవాడే. కానీ ఇంజను దగ్గరికి పోగానే ఆసామికి వీపు అడ్డం పెట్టేవాడు. "జర తాగనీకె నీళ్లు తెండ్రి" అని ఆసామిని ఇంటికి పంపేవాడు. ఆ కాస్త సేపట్లో ఒక చిన్న స్క్రూ వదులు చేసి, పైపులో ఇరుక్కున్న గాలి వదిలి, మళ్లీ బిగించేవాడు. ఆసామి చెంబుతో వచ్చేసరికి ఇంజను సగం ఊడదీసి బిగించినంత ఆయాసపడుతూ చేతులు తుడుచుకునేవాడు. ఏం పోయిందని అడిగితే "మస్తు పని వట్టింది" అనేవాడు, అంతే. ఆసామికి ఏమీ తెలియదు కాబట్టి మళ్లీ పిలుస్తాడు. అప్పట్లో చాలామంది దాన్ని తెలివి అనుకునేవాళ్లు. నేను దాన్ని దొంగతనం అంటాను. అప్పుడు అనలేకపోయాను, ఎందుకంటే తిండి అక్కడే. కుదిరిన వెంటనే బయటికి వచ్చేశాను.

తర్వాత చేరింది దేవదానం మేస్త్రి దగ్గర. పెద్ద చర్చికి పోయే దారిలో రేకుల షెడ్డు ఆయనది. ఆదివారాలు చర్చిలో పాడేవాడు. మిగతా రోజులు ఇంజన్ల గొంతు వినేవాడు. ఆయన నిమ్మళం మనిషి, నేనేమో నిప్పు తొక్కిన కోతిని. ఇంజను కనబడితే నా చెయ్యి పానా మీదికి దానంతటదే పోయేది. చేరిన రోజునే అది కనిపెట్టాడు.

"చేతులు ఎనకకు కట్టుకోరా రత్నం. ముందుగాల సూడు, ఇను. పానా యాడికి పోదు" అన్నాడు.

ఆయన నేర్పింది చాలా తక్కువ మాటల్లో చెప్పవచ్చు. డీజిలు ఇంజను లేవకపోతే హ్యాండిలు తిప్పించి పొగగొట్టం చూడాలి. తెల్లటి పొగ వస్తుంటే డీజిలు లోపలికి పోతోంది, మంట అంటుకోవడం లేదు. అది వేరే రోగం. పొగే రాకపోతే డీజిలు అసలు అందడం లేదు. అప్పుడు చెవి దగ్గర పెట్టి నాజిల్ శబ్దం వినాలి. మంచి నాజిల్ డీజిలును లోపలికి చిమ్మినప్పుడు కిర్రుమంటుంది. ఆ కిర్రు లేదంటే నాజిల్ వదిలెయ్యి, వెనక్కి నడువు. డీజిలును నాజిల్‌లోకి నెట్టే పంపు దాకా వచ్చిందా? ఫిల్టరు దాకా వచ్చిందా? ట్యాంకులో ఉందా? దారి మొత్తం డీజిలుతో పాటే నడిస్తే, ఎక్కడ ఆగిందో అక్కడే నీ పని. అట్లా కాకుండా ఏకంగా పంపు విప్పేవాణ్ణి నమ్మకండి. నా అనుభవంలో పంపు పాడై లేవని ఇంజన్ల కంటే, బాగున్న పంపును విప్పినందుకు లేవని ఇంజన్లే ఎక్కువ.

ముక్కులో పెట్టిన బొట్టు

దసరా పోయాక కుల్చారం నుంచి ఒక ఆసామి షెడ్డుకు వచ్చాడు. పరేషాన్‌గా ఉన్నాడు. అతని ఇంజను పొద్దున లేస్తుంది, కొంత పారిస్తుంది, దానంతటదే ఆగిపోతుంది. ఆ తర్వాత ఎంత తిప్పినా లేవదు. ఎవరన్నా వచ్చి చూస్తే మాత్రం లేస్తుంది. "నన్ను అబద్ధాలోణ్ణి చేస్తున్నదయ్యా" అని ఏడ్పు ముఖం పెట్టాడు.

మేమిద్దరం పోయాం. నేను అప్పటికే దారి పొడవునా ఫిల్టరు, పైపు, పంపు అని జపం చేస్తున్నాను. దేవదానం మేస్త్రి అక్కడికి పోయాక ఇంజను లేపించి, గట్టు మీద కూర్చుని చుట్ట ముట్టించాడు. అది ఆగిపోయేదాకా అక్కడినుంచి కదలలేదు. ఆగగానే పోయి ట్యాంకు మూత వదులు చేశాడు. ఫుస్సుమని గాలి లోపలికి పీల్చుకుంది. తిప్పితే వెంటనే లేచింది.

మూతకు ఒక సన్నటి రంధ్రం ఉంటుంది. ట్యాంకులో డీజిలు తగ్గుతున్న కొద్దీ ఆ రంధ్రం గుండా గాలి వచ్చి ఖాళీ నింపాలి. రాకపోతే డీజిలు కిందికి దిగదు. ఆ రంధ్రాన్ని పసుపు మెత్తి, మీద కుంకుమ పెట్టి మూసేశారు. ఆయుధపూజ రోజు అతని భార్య భక్తిగా మూత నడిమధ్యన బొట్టు పెట్టింది. అది ఎండి రాయిలాగా బిగిసింది. చూడటానికి వచ్చిన ప్రతివాడూ డీజిలు ఉందా అని మూత తీసేవాడు కాబట్టి అప్పటికి లేచేది.

నేను నవ్వబోయాను. మేస్త్రి నా వైపు ఒక చూపు చూసి, గడ్డిపరకతో రంధ్రం పొడిచి, ఆ ఇల్లాలితో మర్యాదగా చెప్పాడు: "బొట్టు పెట్టుండ్రమ్మ, మంచిదే. గని నొసట పెట్టుండ్రి, ముక్కుల పెడితె అదెట్ల బతుకుతది?" ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ తర్వాతి దసరాకు ఆ మూత మీద బొట్టు పక్కకు జరిగింది.

ఇంజనును చూసే ముందు దాన్ని వాడే ఇంటిని చూడాలని ఆయన చెప్పలేదు, చేసి చూపించాడు. నాకు మాత్రం అప్పటికి అది తలకెక్కలేదు. ఆగిన ఇంజను ముందు ఊరికే కూర్చోవడం చేతగానితనం అనిపించేది.

ఎల్లవ్వ వంతు

డెబ్బైల మొదట్లో ఒక ఏడు వానలు ముఖం చాటేశాయి. చెరువు అడుగంటింది. హవేలిఘనపూర్ అవతలి ఆ బావిలో మాత్రం నీళ్లున్నాయి. బావి మీద హక్కు ఐదిళ్లది. నర్సింలు, అతని ముగ్గురు తమ్ముళ్లు, వాళ్ల పెదనాన్న కొడుకు భార్య ఎల్లవ్వ. ఎల్లవ్వ భర్త జ్వరంతో పోయాడు. కొంత పొలం, పెళ్లి కావలసిన ఇద్దరు పిల్లలు, ఆ బావిలో ఒక వాటా ఆమెకు మిగిలాయి. ఐదిళ్ల వాళ్లూ పాత ఇంజను ఒకటి కొని వంతులు పెట్టుకున్నారు. ఎవరి వంతుకు వాళ్లే మెదక్ నుంచి డబ్బాలో డీజిలు తెచ్చుకోవాలి.

ఎల్లవ్వ వంతుకు ఇంజను లేవలేదని దేవదానం మేస్త్రి షెడ్డు నుంచి నన్ను పిలిచారు. పోయాను. పొగ లేదు, నాజిల్ కిర్రు లేదు. పైపు నిండా గాలి ఉంది. గాలి తీశాను, లేచింది. ఫిల్టరులో సన్నటి ఎర్ర పోగులు కనబడితే కడిగి పెట్టి, బస్సు పోతుందన్న ఆత్రంలో వచ్చేశాను. మళ్లీ ఆమె వంతు రాగానే మళ్లీ అదే. మళ్లీ గాలి, మళ్లీ ఎర్ర పోగులు. గాలి ఎక్కడినుంచి చొరబడుతోందో అని ప్రతి జాయింటు బిగించాను, వాషర్లు మార్చాను. ఎక్కడా లీకు లేదు. లీకే ఉంటే నలుగురన్నదమ్ముల వంతుకు కూడా ఆగాలి కదా? వాళ్లకు అది ఒక్కసారి కూడా ఆగలేదు. నాకు నిద్ర పట్టేది కాదు. అన్నం ముందు కూర్చుని పళ్లెంలో వేలితో పైపులు గీస్తుంటే మా ఆవిడ కోప్పడేది.

ఒకరోజు ఎల్లవ్వే నడిచి షెడ్డుకు వచ్చింది. నెత్తి మీద డీజిలు డబ్బా ఉంది. దించి, నిలబడే మాట్లాడింది.

"మేస్త్రీ, వరి పొట్ట మీదున్నది. మడి నెర్రెలిచ్చింది. రేపు పొద్దుగాల నా వంతు. రేపు గిన లేవకపోతె నా వంతు తీసేస్తమంటున్నరు."

"ఎవరు తీసేస్తరు?" అన్నాడు దేవదానం మేస్త్రి.

"ఇంకెవరు, మా నర్సింలు బావ. నా చెయ్యి మంచిది గాదంట. ముండమోసిన చెయ్యి పడితె ఇంజను అలుగుతదని అందరు అనవట్టిరి. నా పాలు పైసలు నాకిచ్చి బావి మీదికెల్లి పొమ్మంటరు. గప్పుడు నేను నీళ్లకు యాడ పోవాలె?"

ఆమె ఏడవలేదు. అడిగింది, అంతే.  నేను వెంటనే పానాల సంచి తీశాను. మేస్త్రి ఆ సంచి నా చేతిలోంచి తీసుకుని గోడకు తగిలించాడు.

"నువ్వు ఎప్పుడు పోయినా అది ఆగినంక పోయినవ్. ఈపారి ఆగకముందు పో. వంతు చేతులు మారేటప్పుడు ఆడ ఉండు. చేతులు కట్టుకొని కూసో. అడుగుతె గూడ లేవకు" అన్నాడు.

"సంచి లేకుండనా?"

"ఒక్క పానా జేబుల ఏసుకో. అది గూడ ఆఖరుకు తియ్యాలె."

బావి గట్టు మీద

పొద్దున్నే పోయి గట్టు మీద కూర్చున్నాను. నర్సింలు వంతు అయిపోవస్తోంది, ఇంజను నడుస్తూనే ఉంది. తమ్ముళ్లు కూడా వచ్చారు. ఈ రోజు తేలిపోతుందని అందరికీ తెలుసు. ఎల్లవ్వ డబ్బాతో దూరంగా నిలబడింది. ఇంజను శబ్దంలో ఏ లోపమూ లేదు. నా మోకాళ్లు ఊగుతున్నాయి. రెండు చేతులతో వాటిని పట్టుకుని కూర్చున్నాను. నా వృత్తిలో నేను చేసిన అన్నిటికంటే కష్టమైన పని అదే.

నర్సింలు ఇంజను ఆపాడు. ఆ తర్వాత అతను చేసింది చూసి నాకు లేచి అరవాలనిపించింది.

ట్యాంకు అడుగున నట్టు విప్పి, మిగిలిన డీజిలంతా తన డబ్బాలోకి వంచాడు. ధార ఆగింది, చుక్కలు ఆగాయి, అతను మాత్రం ఆగలేదు. ఫిల్టరు గిన్నె విప్పి అందులోది కూడా ఒంపాడు. తర్వాత భుజం మీది ఎర్ర తువ్వాలు తీసి ట్యాంకు లోపల చెయ్యి పెట్టి, పళ్లెం తుడిచినట్టు తుడిచాడు. తువ్వాలు పిండాడు. "సూసుకో ఎల్లవ్వా, సుక్క లేదు" అన్నాడు.

ఎల్లవ్వ వంగి చూసింది. లోపలికి వేలు పెట్టి తడి లేదని చూసుకుంది. "మంచిది బావా" అని తన డబ్బా ఎత్తి పోసింది. ఇద్దరూ ఎంతో పద్ధతిగా, ఒకరినొకరు గౌరవించుకుంటూ చేశారు ఆ పని.

ఒక తమ్ముడు హ్యాండిలు తిప్పాడు. పొగ లేదు. ఇంకో తమ్ముడు తిప్పాడు. కిర్రు లేదు. అందరి చూపులూ ఎల్లవ్వ చేతుల మీదికి పోయాయి. ఆమె ఆ చేతుల్ని కొంగులో దాచుకుంది. అప్పుడు లేచాను.

"గిట్ల తుడిచి ఇచ్చుడు మీ నలుగురి నడుమ గూడ ఉన్నదా?" అని అడిగాను.

"మాకెందుకు? మేమందరం ఒకటే. అట్లనే వదిలిపెడతం" అన్నాడు నర్సింలు. "ఎల్లవ్వనే ఒట్టిగ చేసి ఇయ్యుమన్నది."

"అవు, నేనే అన్న" అంది ఎల్లవ్వ. "మా ఆయన ఉన్నప్పుడు అందరు కలిసి కిరాయి ఇంజను తెస్తిరి. 'మా డీజిలు మీద పొలం పారిచ్చుకున్నడు' అని ఆయనను నలుగుర్ల అన్నరు. ఆ మాట మోసుకొనే ఆయన పోయిండు. నా మీద గా మాట పడనియ్య. ఎవ్వరి సుక్క నాకొద్దు. నాది మిగిలితె ట్యాంకుల ఉండనీ."

నర్సింలు తువ్వాలు మడతపెడుతూ ఉండిపోయాడు. ఆ మాట అన్నది ఎవరో నేను అడగలేదు. అడగనక్కరలేదు.

నేను అందరినీ దగ్గరికి పిలిచాను. నా మొదటి యజమాని బతికుంటే నన్ను తిట్టిపోసేవాడు. "దీని దారిల డీజిలు తెగొద్దు. మీరు తుడిచి ఎండబెడితె దారి నిండ గాలి చేరుతది. డీజిలును నూకితె ముందట్కి పోతది. గాలిని నూకితె అణిగి మల్ల లేస్తది. పంపు ఎంత కొట్టినా గాలినే కొడుతది" అని చెప్పాను. జేబులోంచి పానా తీసి ఎల్లవ్వకు ఇచ్చాను. "నువ్వే విప్పు."

"నా చెయ్యా?" అంది.

"నీ చెయ్యే."

ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసింది. బుసబుసమని నురుగు వచ్చింది. నురుగు ఆగి, బుడగ లేని ధార వచ్చేదాకా ఆగి బిగించమన్నాను. తర్వాత పంపు దగ్గర అట్లాగే. తర్వాత నాజిల్ నట్టు. హ్యాండిలు తిప్పడానికి నర్సింలే వచ్చాడు. మొదట ఏమీ లేదు, తర్వాత చిటుక్కున డీజిలు ఎగిరి ఎల్లవ్వ ముంజేతి మీద పడింది. నట్టు బిగించింది. మళ్లీ తిప్పితే కిర్రుమంది. ఆ శబ్దం విన్నప్పుడు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, చెప్పడానికి సిగ్గేమీ లేదు. ఇంకో రెండు తిప్పులకు తెల్ల పొగ, ఆ వెంటనే ఇంజను లేచింది.

నీళ్లు కాలువలోకి దూకాయి. ఎల్లవ్వ వాటి వెంట పరుగెత్తబోయి, ఆగి, వెనక్కి వచ్చింది. "మల్ల వంతుకు?" అంది.

"అడుగున కొంత ఉంచాలె" అన్నాను.

"ఎవరిది?"

 అది పానాతో తేలేది కాదు.  నర్సింలు తువ్వాలు భుజాన వేసుకుని ముందుకు వచ్చాడు.

"ఇంజనుకు గూడ ఒక పాలు పెడుదాం. ఐదిళ్లోళ్లం తలాకొంత పోద్దాం. గది ఎవ్వలది గాదు, ఇంజనుదే." కొంచెం ఆగి, ఆమె వైపు చూడకుండా అన్నాడు: "గా మాట నేనే అన్న ఎల్లవ్వా. మీ ఆయనను అనకుండ ఉండాల్సింది."

 ఎల్లవ్వ తన డబ్బాలో మిగిలిన డీజిలు తెచ్చి, "ముందుగాల నాది పొయ్యుండ్రి" అంది. నేను ట్యాంకు లోపల మొలతో ఒక గీత గీశాను. ఆ గీత కిందిది ఇంజనుది. దాన్ని ఎవరూ తియ్యకూడదు, తుడవకూడదు.

పిల్లలకు ఒక మాట

గాలి ఎట్లా తియ్యాలో మీకు ఎవరైనా నేర్పుతారు. అది చిన్న పని. గాలి ఎందుకు వస్తోందో తెలుసుకోవాలంటే కూర్చోవాలి, మనుషులు ఒకరికొకరు ఏం అప్పగించుకుంటున్నారో చూడాలి. ఇది నాకు చాలా ఆలస్యంగా వచ్చిన బుద్ధి. ఇప్పటికీ పూర్తిగా వచ్చిందని చెప్పను.

ఎల్లవ్వ వరి ఆ ఏడు గట్టెక్కింది. తర్వాతి ఎండాకాలం వేరే పని మీద ఆ దారిన పోతుంటే బావి మీద ఇంజను చప్పుడు లేదు. నర్సింలు, తమ్ముళ్లు గట్టు మీద కూర్చుని ఉన్నారు. ఎవరో పాపం కునుకు తీసి డీజిలు అయిపోనిచ్చారట. వాళ్ల పొలం నారుమడి ఎండుతోంది. నేను సైకిలు పడేసి, సంచి విప్పుతూ పరుగెత్తాను.

నర్సింలు చెయ్యి అడ్డం పెట్టాడు. "నువ్వు జర కూసో మేస్త్రీ. పరేషాన్ గాకు" అన్నాడు. "ఎల్లవ్వకు కబురు పోయింది. ఆమె చెయ్యి పడితెనే లేస్తది."

పొలం గట్ల మీద ఎల్లవ్వ వస్తూ కనబడింది. నేనిచ్చిన పానా ఆమె నడుముకు దోపి ఉంది. నేను సంచి కింద పెట్టి వాళ్ల పక్కన కూర్చున్నాను.